వీడియోలో బొమ్మను నిలుపు విధము

నేడు నేను చెప్పబోవునది శాస్త్రవిషయమే యైనను, దానికి మూలము నా చేతిలో జరిగిన యొక పొరపాటు. కావున ముందుగా దానిని విన్నవించి, పిదప శాస్త్రమునకు వచ్చెదను.

నాకు చిన్ననాట కావ్యపాఠము చెప్పిన గురువుగారు తొంబది యేండ్లు దాటి జీవించిరి. పురాణపఠనమున వారిది యొక ప్రత్యేకమైన ఫణితి. పద్యమును రాగయుక్తముగా చదివి, అన్వయము చూపి, అర్థము చెప్పి, మఱల పద్యము నెత్తుకొనుటలో వారు పాటించు క్రమము వారి గురువుల నుండి వచ్చినది. మా ప్రాంతమున దాని నెఱిగినవారు మఱియొకరు మిగులలేదు. ఉద్యోగము చాలించిన పిమ్మట నేనొక ఫోటో కెమేరా కొంటిని. అది వీడియో కూడ తీయునని తెలిసి, ఒకనాడు గురువుగారి యింటి అరుగు ముందు నిలువబడి, కెమేరాను రెండు చేతులతో ముందునకు చాచి పట్టుకొని, మధ్య మధ్య ఆపుచు 40 నిమిషములు వారి పఠనమును తీసితిని. చేతులు నొచ్చినవి. అయినను గొప్ప కార్యము చేసితినను సంతోషముతో ఇల్లు చేరితిని.

కొన్నిదినములకు ఊరి బడిలో తెల్లని గుడ్డ కట్టి, ప్రొజెక్టరుతో ఆ బొమ్మను వేసి అందఱకు చూపితిమి. కెమేరా వెనుకనున్న చిన్న తెఱపై చక్కగా కనబడిన గురువుగారు, 8 అడుగుల గుడ్డపై తుపానులో పడవ నెక్కిన వారివలె ఊగిపోయిరి. పెద్దవారు కొందఱు తల తిరుగుచున్నదని కన్నులు మూసికొని కంఠమును మాత్రము వినిరి. మఱల తీయుదమని యనుకొనునంతలో గురువుగారు మంచము పట్టిరి. రెండు నెలలలో పరమపదించిరి. వారి కంఠము నాయొద్ద నున్నది. వారి ముఖమును ఉన్నది. కాని ఆ ముఖమును చూచుచు ఆ కంఠమును వినుటకు వీలులేదు.

ఈ దోషమునకు కారణమేమి, నివారణమేమి యని నాటినుండి తెలిసినవారి నడిగియు, స్వయముగా పరీక్షించియు గ్రహించిన దానిని మీకు చెప్పెదను. మీ యిండ్లలో పెండ్లిండ్లు జరుగును. మీ యూళ్లలో హరికథలు, తోలుబొమ్మలాటలు, జాతరలు జరుగును. మీ మనుమలు కెమేరాలతో వత్తురు. వారికి చెప్పదగిన మాట పెద్దలయొద్ద నుండవలయును.

మొదట ఈ యంత్రము సంగతి. ఫోటో కెమేరా నిలిచిన బొమ్మను తీయుటకు పుట్టినది. లెన్సులు మార్చుకొనుటకు వీలుగలిగి, లోపల అద్దముండు పెద్దజాతి కెమేరాలలో వీడియో తీయు శక్తి మొట్టమొదట 2008వ సంవత్సరమున వచ్చినది. ఆ యేడు ఆగస్టులో నికాన్ వారు డి90 అను కెమేరాను, సెప్టెంబరులో కెనాన్ వారు 5డి మార్క్ 2 అను కెమేరాను ప్రకటించిరి. రెండవదాని బొమ్మ యెంత సొగసుగా నుండెననగా, 2010లో అమెరికాలోని ‘హౌస్’ అను టెలివిజన్ కథామాలికలో ఒక భాగమును ఆ కెమేరాతోనే తీసిరి. అంతకు పూర్వము లక్షలు వెచ్చించినగాని లభింపని సొగసు సామాన్యుని చేతికి వచ్చినది. అయితే సొగసుతోపాటు వణుకును వచ్చినది. ఏలయన, దాని యాకారము ఫోటోకు తగినది గాని వీడియోకు తగినది గాదు. దీనికి మూడు కారణములు గలవు.

మొదటి కారణము కాలము. ఎండలో ఫోటో తీయునప్పుడు కెమేరా కన్ను సెకనులో నూఱవవంతో, అంతకు తక్కువయో తెఱచుకొని మూసికొనును. ఆ లవమాత్ర కాలములో చేయి కదలునది మిక్కిలి స్వల్పము. వీడియో యనగా సెకనుకు 25 బొమ్మల చొప్పున వరుసగా తీయుట. పది నిమిషములకు 15,000 బొమ్మలు. వానిలో ఏ బొమ్మను వేఱుగా చూచినను దోషము కనబడకపోవచ్చును. కాని మొదటి బొమ్మలో నడుమనున్న ముఖము రెండవదానిలో కొంచెము కుడికిని, మూడవదానిలో కొంచెము మీదికిని జరిగియుండును. దోషము బొమ్మలో లేదు, బొమ్మకును బొమ్మకును నడుమ నున్నది. అందుచేతనే మంచి ఫోటోలు తీయువాడు కూడ వీడియో తీయబోయి భంగపడును.

రెండవ కారణము పట్టు. అద్దపు కెమేరాతో ఫోటో తీయువాడు దానిని కంటికి ఆనించుకొనును. నొసలు ఒక యాధారము, రెండు చేతులు రెండాధారములు. వీడియో తీయునప్పుడు లోపలి అద్దము పైకి లేచి యుండవలయును గనుక, కంటికి ఆనించు గవాక్షమున చీకటి తప్ప మఱేమియు కనబడదు. వెనుకనున్న తెఱను చూచుటకై కెమేరాను ముఖమునకు దూరముగా చాచి పట్టవలసివచ్చును. ఆ క్షణముననే నొసటి యాధారము పోయినది. చాచిన చేయి గాలిలో వ్రేలాడు కొమ్మవంటిది. నేను చేసిన తప్పిదము ఇదియే. అద్దములేని క్రొత్త కెమేరాలు పెక్కింటిలో ఈ లోపము లేదు. వాని గవాక్షమున లోపలి చిన్న తెఱయే కనబడును గనుక వీడియో తీయుచును కంటికి ఆనించుకొనవచ్చును.

మూడవ కారణము తేలికదనము. నేను చెప్పిన 5డి మార్క్ 2 కెమేరా బరువు, లెన్సు గాక, సుమారు 800 గ్రాములు. తేలిక వస్తువు సౌకర్యమే గాని స్థిరము గాదు. నిండుబిందె నొకసారి తట్టి చూడుడు, ఖాళీబిందె నొకసారి తట్టి చూడుడు. ఏది కదలునో మీరెఱుగుదురు. బరువుగల వస్తువు తన స్థితిని విడుచుటకు ఒల్లదు. దీనినే శాస్త్రజ్ఞులు జడత్వమందురు. వార్తలు చిత్రించువారి పెద్ద కెమేరాలు భుజముపై కూర్చుండి, తమ బరువుతోనే సగము వణుకును మ్రింగివేయును. చిన్న కెమేరాకు ఆ భాగ్యము లేదు.

ఇక్కడ మీకొక సందేహము కలుగవచ్చును. మనము నడచునప్పుడు మన తలయు ఊగుచునే యున్నది గదా, కన్నులకు లోకము ఊగుచున్నట్లు ఏల కనబడదు? ఇది యీశ్వరసృష్టిలోని చమత్కారము. మన లోచెవిలో అర్ధచంద్రాకారమైన నాళములు మూడేసి యున్నవి. తల ఎటు తిరిగినను వానిలోని ద్రవము ఆ సంగతిని తెలుపును. తక్షణమే కనుగ్రుడ్లు దానికి వ్యతిరేకదిశకు అంతే తిరుగును. తల కుడికి పోయిన కన్ను ఎడమకు పోవును. అందుచే చూపు నిలిచియుండును. కెమేరాకు కన్ను గలదు గాని చెవి లేదు. తాను కదలినదంతయు లోకము కదలినట్లే వ్రాసికొనును. ఆ బొమ్మను మనము బల్లపై కూర్చుండి చూచునప్పుడు, కన్ను ‘కదలుచున్నాము’ అనును, చెవి ‘కదలుట లేదు’ అనును. ఈ సాక్షులిద్దఱి వైరుధ్యము వలననే తల తిరుగును. ఆనాడు మా బడిలో పెద్దలు కన్నులు మూసికొనుటకు ఇదియే కారణము.

కదలిక యనునది ఒక్క రకము గాదు, మూడు రకములు. మొదటిది వణుకు. ఆరోగ్యవంతుని చేతికి కూడ సెకనుకు 8 నుండి 12 సారులు సన్నని కంపము సహజముగా నుండును. రెండవది ఊగుట. ఊపిరి పీల్చి విడుచుటవలనను, అలసటవలనను చేయి మెల్లగా పైకి క్రిందికి పోవుచుండును. మూడవది అదురు. నడచునప్పుడు మడమ నేల తాకిన ప్రతిసారి దేహమంతయు అదరును. రోగమెఱిగి మందు వేయవలయును గనుక ఈ భేదము చెప్పితిని. మొదటి రెండింటికి ఆధారము మందు. మూడవదానికి నడక యందలి నేర్పును, ప్రత్యేక సాధనములును మందు.

ఆధారములలో ఉత్తమమైనది ట్రైపాడు అనబడు ముక్కాలి స్టాండు. దీనికి మూడు కాళ్లే యేల? గచ్చు మిట్టపల్లములుగా నున్నచోట నాలుగు కాళ్ల బల్ల ఊగును, ముక్కాలిపీట ఊగదు. మూడు కొనలు ఎట్టి నేలపైనైనను ఒక్కసారిగా ఆనును. మన తల్లులు పొయ్యికి మూడు రాళ్లే పెట్టుట ఈ సూత్రమును బట్టియే. స్టాండును నిలుపునప్పుడు కొన్ని నియమములు గలవు. కాళ్లను బాగుగా చాపవలయును. ఎత్తు కావలసినప్పుడు ముందు లావైన పై భాగములను సాగదీసి, సన్నని క్రింది భాగములను కడపట సాగదీయవలయును. నడుమనున్న కడ్డీని పైకెత్తుట తప్పనిసరియైననే చేయవలయును. అట్లు ఎత్తినచో ముక్కాలి ఒంటికాలిగా మాఱినట్లే. గాలి వీచుచోట స్టాండు నడిమి నుండి ఇసుకసంచి యొకటి వ్రేలాడదీసినచో కుదురుకొనును. కెమేరా మీట నొక్కునప్పుడు కలుగు అదురు కూడ బొమ్మలో పడును గనుక, నొక్కిన పిదప అయిదు సెకనులు వేచి, అటుపిమ్మట మాటలాడుమని యెదుటివారికి సంజ్ఞ చేయవలయును. కడపట కూడ అయిదు సెకనులు విడిచి ఆపవలయును. ఆ రెండు కొనలను పిదప కత్తిరించుకొనవచ్చును.

స్టాండుపైనున్న కెమేరాను ఒకవైపు నుండి మఱియొక వైపునకు త్రిప్పవలసి వచ్చినచో, వీడియోకై చేసిన తల గల స్టాండు కావలయును. దానిలోపల చిక్కని ద్రవము నింపియుందురు. చిక్కని ఆముదములో గరిటె త్రిప్పినప్పుడు కుదుపు లేక మెల్లగా తిరుగును గదా, అట్లే ఆ తల తిరుగును. ఫోటోల స్టాండు తల పట్టిపట్టి తిరుగును. అట్టిది మాత్రమే యున్నవారు త్రిప్పుట మానుట మేలు.

స్టాండు లేనివారు నిరాశపడ నక్కఱలేదు. మన యిండ్లలోని వస్తువులే చాలును. చిన్న గుడ్డసంచిలో బియ్యమో, పెసలో ముప్పాతికవంతు నింపి మూతి కట్టి, స్టూలుపై నుంచి, దానిపై కెమేరాను ఒత్తి కూర్చుండబెట్టుడు. గింజలు ఒదిగి కెమేరా యాకారమునకు గుంట యేర్పడును. ఇంతకంటె స్థిరమైన పీఠము ధనము పోసి కొన్నను దొరకుట యరుదు. సంచిని పూర్తిగా నింపరాదు. నింపినచో గింజలకు ఒదుగుటకు తావుండదు.

రెండవ యుపాయము త్రాడు. కెమేరా అడుగున ఒక మరరంధ్రముండును. అది పావు అంగుళపు మర, అంగుళమునకు 20 చుట్లు. దానికి సరిపడు చిన్న బోల్టును ఇనుపసామానుల అంగడిలో తెచ్చి, దానికి గట్టి త్రాడు కట్టి, త్రాటి రెండవ కొనను ఒక కఱ్ఱముక్కకు కట్టుడు. కఱ్ఱముక్కను పాదములక్రింద త్రొక్కిపట్టి, కెమేరాను త్రాడు బిగియునట్లు పైకి లాగిపట్టుడు. బిగిసిన త్రాడు చేతి వణుకును చాలవఱకు అణచివేయును. కఱ్ఱముక్క రెండు కొనలనుండి రెండు త్రాళ్లు తెచ్చి త్రికోణముగా కట్టినచో ప్రక్కలకు ఊగుట కూడ తగ్గును. అయితే ఒక హెచ్చరిక. ఆ రంధ్రము లోతు తక్కువ. బోల్టును బలవంతముగా త్రిప్పినచో కెమేరా చెడును. రెండు మూడు చుట్లు పట్టి నిలిచిన చాలును.

ఏ సాధనమును లేనప్పుడు మన దేహమునే స్టాండుగా చేసికొనవలయును. యోగశాస్త్రము ఆసనమునకు స్థిరత్వమును సుఖమును రెండును లక్షణములుగా చెప్పినది. రెండింటిలో ఏది లోపించినను రెండవదియు నిలువదు. బిగబట్టి నిలుచున్నవాడు అయిదు నిమిషములలో వణకును. కావున సుఖముగా నిలువగల భంగిమను ముందు చూచుకొనవలయును. స్తంభమునకో గోడకో వీపు ఆనించుడు. పాదములను భుజముల వెడల్పున ఎడముగా నుంచుడు. మోచేతులను ప్రక్కటెముకలకు అదిమి పట్టుడు. ఎడమచేయి లెన్సు క్రింద అరచేయి పైకి యుండునట్లు ఆనించుడు. కెమేరా పట్టీని మెడలో వేసికొని, పట్టీ బిగియువఱకు కెమేరాను ముందునకు నెట్టిపట్టుడు. మెడ యొకటి, చేతులు రెండు, ఈ విధముగా మఱల మూడు ఆధారములు లభించినవి. నేలపై కూర్చుండగలవారు మోకాళ్లు నిలిపి, మోచేతులను మోకాళ్లపై ఆనించుట ఇంకను మేలు. ఊపిరిని బిగబట్టరాదు. మెల్లగా ముక్కుతో పీల్చి విడుచుచుండవలయును.

ఇక లెన్సు సంగతి. దూరమునుండి దగ్గరకు లాగి చూపు లెన్సు వణుకును కూడ దగ్గరకు లాగి చూపును. దీనిని లెక్కతో చెప్పెదను. పెద్ద సెన్సరు గల కెమేరాకు 50 మిల్లీమీటర్ల లెన్సు తగిలించినచో దాని చూపు అడ్డముగా సుమారు 40 డిగ్రీల వెడల్పుండును. 250 మిల్లీమీటర్ల లెన్సునకు సుమారు 8 డిగ్రీలే. చేయి అర డిగ్రీ కదలినదనుకొనుడు. మొదటిదానిలో బొమ్మ తన వెడల్పులో ఎనుబదియవవంతు జరుగును. రెండవదానిలో పదునాఱవవంతు జరుగును. మా బడిలోని 8 అడుగుల గుడ్డపై మొదటిది అంగుళముంబావు. రెండవది ఆఱు అంగుళములు. చేయి ఒక్కటే, వణుకు ఒక్కటే, ఫలము మాత్రము అయిదింతలు. నేనానాడు గురువుగారికి అడ్డము రాకూడదని దూరముగా నిలిచి, లెన్సును లాగి తీసితిని. వినయమను పేరిట చేసిన యవివేకమది. వారి అనుమతి గైకొని దగ్గరకు పోయి, వెడల్పు చూపు లెన్సుతో తీసియుండవలసినది. లెన్సును లాగుటకంటె కాళ్లను కదపుట మేలని గుర్తుంచుకొనుడు.

ఊరేగింపులు, జాతరలు తీయువారు నడువక తప్పదు. ఈ విద్యలో మనకు గురువులు ఊరిలోనే కలరు. తలపై నీళ్లబిందె పెట్టుకొని చెఱువునుండి వచ్చు స్త్రీల నడకను చూడుడు. తల ఒక్క యెత్తున సాగిపోవును, క్రింద కాళ్లు మాత్రమే పనిచేయును. పల్లకి మోయు బోయీలు మోకాళ్లు కొంచెము వంచి, అడుగులో అడుగు కలిపి నడతురు. లోపలివారికి కుదుపు తెలియదు. కెమేరా పట్టినవాడును అట్లే మోకాళ్లు కొంచెము వంచి, చిన్న అడుగులతో, మడమను మెత్తగా ఆనించి పాదమును వ్రేళ్లవఱకు దొరలించుచు నడువవలయును. కాళ్లు అదురును మ్రింగవలెను గాని మోకాళ్లు దాటి పైకి రానీయరాదు.

ఇదియు చాలనిచోట యంత్రములు వచ్చినవి. దొమ్మరివారు త్రాటిపై నడచునప్పుడు చేతిలో పొడవైన గడ ఏల పట్టుకొందురు? బరువు నడుమనుండి దూరముగా రెండు వైపులకు పఱచుకొని యుండుటచే ఆ గడ తటాలున తిరుగదు. త్రాటిపై నడచువానికి సర్దుకొనుటకు వ్యవధి దొరకును. గారెట్ బ్రౌన్ అను అమెరికా దేశస్థుడు ఈ సూత్రముననే స్టెడీక్యామ్ అను సాధనమును నిర్మించెను. ఒక కడ్డీ పైకొనను కెమేరా, క్రిందికొనను ప్రతిభారము, నడుమ ఎటైనను తిరుగు కీలు. దానిని మోయువాని కవచమునకు తగిలించిన స్ప్రింగుల చేయి అడుగుల అదురును మ్రింగివేయును. ఇది మొట్టమొదట ‘బౌండ్ ఫర్ గ్లోరీ’ అను చలనచిత్రమున ఉపయోగింపబడినది. ఆ చిత్రమును, ఈ సాధనముతోనే తీసిన మెట్లపై పరుగుల ఘట్టముగల ‘రాకీ’ అను చిత్రమును 1976లో వెలువడినవి. 1978లో ఈ కల్పనకు ఆస్కారు బహుమానము లభించినది. నేడు పెండ్లిండ్లలో యువకులు చేతబట్టి తిరుగు గింబల్ అను సాధనము దీని తరువాతి తరమునకు చెందినది. అందు బరువులకు బదులు మూడు చిన్న మోటార్లు, కెమేరా ఎటు ఒరిగినది కనిపెట్టు గ్రాహకములు ఉన్నవి. మన లోచెవియు కనుగ్రుడ్లును చేయు పనినే అవి చేయును.

కెమేరా లోపలనే వణుకు నణచు ఏర్పాట్లును గలవు. లెన్సులోని యొక గాజుబిళ్ల వణుకునకు ఎదురుగా కదలునట్లు చేసిన లెన్సును, ఇట్టి మార్చుకొను కెమేరాలకు 1995లో కెనాన్ వారు తెచ్చిరి. లెన్సు బదులు సెన్సరునే కదలించు పద్ధతితో మినోల్టా వారు 2003లో ఒక కెమేరా విడుదల చేసిరి. ఇవి సన్నని వణుకునకు మంచి మందు. నడకలోని అదురునకు మాత్రము చాలవు. కెమేరా స్టాండుపై నున్నప్పుడు, ముఖ్యముగా పాతలెన్సులలో, ఈ యేర్పాటును ఆపివేయవలయును. లేనిచో లేని వణుకును వెదకుచు అదే బొమ్మను మెల్లగా జరుపును.

బొమ్మ తీసిన పిమ్మట కంప్యూటరులో వణుకును సవరింపవచ్చునని మీ మనుమలు చెప్పుదురు. అది సత్యమే గాని సగము సత్యము. ప్రతి బొమ్మను జరిపి, వరుసగా నుంచి, హెచ్చుతగ్గులుగా మిగిలిన అంచులను కత్తిరించుటయే ఆ సవరణ. వణుకు ఎంత పెద్దదైన కత్తిరింపు అంత పెద్దది. మఱియు బొమ్మ తీయుచుండగానే చేయి కదలి ముఖము అలికినట్లయినచో, ఆ అలుకు తొలగదు. ఈ కెమేరాలలో పెక్కింటి సెన్సరు బొమ్మను పైవరుసనుండి క్రిందివరుసకు క్రమముగా చదువును. చదువుచుండగా కెమేరా కదలినచో నిలువుస్తంభము వంకరపోవును. అదియు సులభముగా కుదురదు. గురువుగారి వీడియోను ఒక నేర్పరియగు యువకునిచేత సవరింపజేసితిని. ఊగుట తగ్గినది. కాని కొన్నియెడల వారి శిరస్సు కత్తిరింపులో పోయినది, కొన్నియెడల ముఖము అలికినట్లే నిలిచినది.

వెలుగు సంగతి ఒక్కమాట. వీడియోకు ప్రతి బొమ్మయు సెకనులో 50వవంతు కాలము తీయునట్లు కెమేరాను అమర్చుట మంచిది. ఎండలో వేయవవంతునకు తగ్గించినచో ప్రతి చిన్న కదలికయు ముల్లువలె పొడుచుకొని కనబడును. ఎండ ఎక్కువైనచో లెన్సు ముందు నల్లగాజు బిగించుకొనవలెను గాని కాలమును తగ్గింపరాదు. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది గనుక, పాతరకపు ట్యూబులైట్లు సెకనుకు 100 సారులు మినుకుమినుకు మనును. 50వవంతు కాలము ఆ మినుకునకు సరిపోవును. కెమేరా నిలిచియు వెలుగు ఊగుట అను మఱియొక దోషము దీనిచే తొలగును.

చెప్పినదంతయు ఒక్క మాటలో సంగ్రహించెదను. స్థిరత్వము చేతి బలమున లేదు, ఆధారమున నున్నది. కావున మీ యింటికి ఎవరైనను కెమేరాతో వచ్చినప్పుడు మీరు నాలుగు మాటలు చెప్పుడు. ‘నాయనా, దానిని చేతబట్టకుము, దేనిపైనైనను ఉంచుము. దూరమునుండి లాగకుము, దగ్గరకు రమ్ము. ఊరక త్రిప్పకుము, కదలువారు కదలనిమ్ము, నీ కెమేరా నిలువనిమ్ము. ముందుగా ఒక నిమిషము తీసి, పెద్ద తెఱపై చూచుకొని, పిదప పని ప్రారంభింపుము.’ చిన్న తెఱపై కనబడని దోషము పెద్ద తెఱపై కనబడునని నేను ఆలస్యముగా తెలిసికొంటిని.

గురువుగారు పోయిన మఱుసటి యేడు వారి చెల్లెలు, 86 ఏండ్ల వృద్ధురాలు, పెండ్లిపాటలు పాడుటకు సమ్మతించిరి. ఈసారి స్టూలుపై బియ్యపుసంచి, దానిపై కెమేరా, వెడల్పు లెన్సు, ఆమెకు రెండు బారల దూరము. మీట నొక్కి నేను కెమేరా ప్రక్కన పీటపై కూర్చుంటిని. అప్పుడొక సంగతి కనుగొంటిని. చేత కెమేరా లేకపోవుటచే నేను ఆమె ముఖమును చూచుచు వినగలిగితిని. ఆమెయు కెమేరాను మఱచి, తన యెదుట కూర్చున్న మనిషికి పాడిరి. నడుమ ఒక చరణము మఱచి, నవ్వి, చేతివ్రేళ్లపై లెక్కపెట్టుకొని, మఱల అందుకొనిరి. ఆ నవ్వును, ఆ వ్రేళ్ల లెక్కయు బొమ్మలో స్పష్టముగా నున్నవి. ఇంటిలోని పిల్లలు నేటికిని దానిని చూచి పాట నేర్చుకొనుచున్నారు.

గురువుగారి విషయమున నేను చేయలేకపోయిన పనిని, మీ యూళ్లలోని పెద్దల విషయమున మీరు చేయింపగలరని నమ్ముచు సెలవు గైకొనుచున్నాను.